కరకుకోట పుట్టినరోజు

ఒకానొక రాజ్యానికి కోట ఉంది, కొలువు ఉంది, కొరడా ఉంది. పుట్టినరోజు ఒక్కటే లేదు. ఆ రాజ్యం పేరు కరకుకోట. ఏలేవాడు రణమర్దనుడు. మైనం రాసి నిలబెట్టిన మీసాలే తన పరాక్రమమని నమ్మే రకం.

ఒకనాడు పొరుగు రాజ్యం రాయబారి భోజనాల దగ్గర అడిగాడు: “మా దేశ దినానికి వేయి డప్పులు మోగుతాయి ప్రభూ. మీ దేశం పుట్టిందెప్పుడు?”

రాజు నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

మర్నాడే ఆస్థాన పండితుడు శంఖావధాని తాళపత్రాల అటక ఎక్కాడు. నాలుగు రోజుల తరువాత ఒంటినిండా బూజుతో దిగి కొలువులో చదివి వినిపించాడు. “పడమటి గోడ మూడుసార్లు కట్టారు. మూడుసార్లూ కూలింది. మాఘ బహుళ షష్ఠినాడు ఒక బాలింతను నిలబెట్టి చుట్టూ గోడ కట్టారు. కోట నిలిచింది, రాజ్యం నిలిచింది.”

“అదే మా దేశ దినం!” రాజు తొడ చరిచాడు. “ఆనాడు జరిగింది జరిగినట్టే చేసి చూపించాలి.”

వేయి డప్పులు మోగుతాయని ఊరంతా చాటింపు వేశారు. పడమటి గోడలో గూడు తొలిచి ఒక బాలింతను నిలబెడతారట. నిలువెత్తు ఇటుక పేరుస్తారట. పొద్దు గూకగానే బయటికి తీస్తారట. ఉత్తి వేడుకేనట.

భటులు బాలింత కోసం వెతుక్కుంటూ మంత్రసాని గవరమ్మ ఇంటికే వచ్చారు. ఆమె కూతురు పైడి కని పంతొమ్మిది రోజులైంది. మంగళస్నానాలు చేయించాలని చెప్పి పైడిని కోటలోకి తీసుకుపోయారు. పసిగుడ్డును గవరమ్మ చేతిలో వదిలేశారు. దేశ దినానికి ఇంక మూడు రోజులు.

గవరమ్మ మిట్టమధ్యాహ్నం పసిదాన్ని భుజాన వేసుకుని పడమటి గోడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ తాపీపనివాడు కామయ్య ఒక్కడే గూడు తొలుస్తున్నాడు. మాఘమాసమైనా ఎండ చురుక్కుమంటోంది. గోడ మీద మాత్రం ఒకచోట మనిషెత్తున తేమ. సున్నం ఎన్నిసార్లు కొట్టినా అక్కడ ఆరదట. ఆ గోడ మీద కాకి వాలగా ఎవరూ చూడలేదు.

పాలకోసం పొద్దుటినుంచి గుక్కపట్టిన పసిది గోడ దగ్గరికి రాగానే ఏడుపు ఆపేసింది. అటు మొహం తిప్పి, కళ్ళు మూసుకుని, పెదవులు చప్పరించింది.

గవరమ్మ ముందుకు వంగి వాసన చూసింది. నలభై ఏళ్లుగా పురిటిగదుల్లో తెలిసిన వాసనే. పచ్చి పాల వాసన.

“కామయ్యా, కట్టే పని నీదేనా?”

“నాదే అత్తా.”

“బయటికి తీసే పని ఎవరిది?”

కామయ్య ఉలి ఆగింది. “కట్టమనే చెప్పారు. తీయడం సంగతి ఎవరూ ఎత్తలేదు. అడిగితే నన్నూ లోపలే పెడతారేమోనని...”

“ఊరుకున్నావు. మంచివాడివే!” అని గవరమ్మ వెనక్కి తిరిగింది. పసిదాన్ని గోడ దగ్గరనుంచి లాక్కుపోవడానికి ఆమెకు బలమంతా కావలసి వచ్చింది. లోపలినుంచి ఎవరో ఇవ్వనన్నట్టుగా ఉంది.

మర్నాడు గూడు ఎంతవరకు వచ్చిందో చూడడానికి రాజు పండితుడితో, పరివారంతో గోడ దగ్గరికి వచ్చాడు. అక్కడ గవరమ్మ పసిదాన్ని ఒళ్ళో వేసుకుని, నువ్వులనూనె గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది. భటులు అదిలించబోతే రాజే ఆపాడు. అతణ్ణి ఈ లోకంలోకి లాగినవి ఆ చేతులే మరి.

“ఏమిటిది గవరమ్మా?”

“పుట్టినరోజన్నారు కదా దొరా. తలంటుదామని వచ్చాను.”

“మా పుట్టినరోజు శ్రావణంలో!”

“మీకు కాదు, దేశానికి. పుట్టినరోజు బిడ్డకి తల్లి తలంటాలి. తల్లి లేకపోతే మంత్రసాని. అవధానిగారూ, దేశానికి తల్లెవరండీ?”

“తాళపత్రంలో ఉంది కదా, ఆ బాలింత. గోడలో నిలబడి దేశానికి జన్మనిచ్చింది మహాతల్లి.”

“నడిచి వెళ్ళి నిలబడిందా? కాళ్ళూ చేతులూ కట్టారా?”

“అది పత్రంలో లేదు.”

“ఉండదులెండి. ఆ షష్ఠినాడే ప్రాణం పోయిందా?”

“ఆనాడే.”

“అయితే దేశానికి పుట్టినరోజైన నాడు ఆవిడకి ఏం రోజు?”

పరివారంలో ఎవరో గొణిగారు: “తద్దినం.”

“అదీ! కిందటి నెల సాలెల వీధిలో తల్లి తద్దినంనాడు డప్పు కొట్టించాడని ఒక మనిషిని ఊరినుంచి వెలివేశారే, ఆ తీర్పు ఎవరిదండీ?”

“నాదే,” అన్నాడు పండితుడు.

“మరి ఈ వేయి డప్పులు ఎవరు కొట్టిస్తున్నారు? ఏ శాసనం చూసినా దొరవారు ‘దేశమాతకు పెద్దకొడుకు’ అని చెక్కించుకున్నారు. పెద్దకొడుకు తల్లికి ఇంతవరకు కర్మ చేయలేదు. ఇప్పుడు మొదటినుంచీ చేయాలి. తడిబట్ట కట్టాలి, ఒంటిపూట ఉండాలి, మీసం తీయాలి. అవునో కాదో చెప్పండి అవధానిగారూ. కాదంటే ఆ సాలెమనిషిని వెనక్కి పిలవాలి.”

“శాస్త్రం... అవుననే అంటుంది ప్రభూ,” అన్నాడు శంఖావధాని నేల చూస్తూ.

రాజు చెయ్యి తనకు తెలియకుండానే మీసం మీదికి పోయింది. “ముసలిదానా! పైడికి బదులు నిన్నే ఆ గూట్లో నిలబెడతాను!”

“నిలబెట్టండి. మిమ్మల్ని లాగినదాన్ని, నేనూ తల్లిలాంటిదాన్నే. వచ్చే ఏటినుంచి రెండు తద్దినాలు. ముందు ఒక్కసారి ఆ తేమ మీద చెయ్యి వెయ్యండి దొరా. పెద్దకొడుకు కదా, భయమెందుకు?”

పరివారమంతా చూస్తోంది. రాజు వెనక్కి తగ్గలేక గోడమీద అరచెయ్యి ఆనించాడు.

గోడ వెచ్చగా ఉంది. ఎండ వెచ్చదనం కాదు, ఒంటి వెచ్చదనం. చేతికింద ఏదో మెల్లగా పొంగి తగ్గింది. మళ్ళీ పొంగి, తగ్గింది. చెయ్యి తీసి చూసుకుంటే వేళ్ళసందున తెల్లగా కారుతోంది. గాలికి ఆడే జెండాలు ఆగిపోయాయి.

“పేరేమిటి?” అన్నాడు రాజు. “కర్మకు పేరు కావాలి కదా. ఈవిడ పేరేమిటి?”

పండితుడు చంకలోని పత్రాలు తీసి తిప్పాడు. అప్పటి రాజు పేరుంది, ఏడు బిరుదులున్నాయి. మేస్త్రీ పేరుంది. రాళ్ళు మోసిన ఏనుగు పేరు కూడా ఉంది.

“ఆవిడది లేదు ప్రభూ.”

“గవరమ్మా, నీకు తెలుసా?”

“నాకెలా తెలుస్తుంది దొరా? ఒక పని చేయండి. దేశంలో ఆడవాళ్ళందరి పేర్లూ ఈ గోడముందు ఒక్కొక్కటే చెప్పండి. ఏదో ఒకటి ఆవిడది కాకపోదు. పేరు చెబుతుంటే మనిషి ఎదురుగా ఉండాలి. కాబట్టి గోడలో ఎవర్నీ పెట్టకండి.”

రాజు ఒక్క క్షణం ఆమెను తేరిపార చూశాడు. తరువాత నవ్వాడు. మొదట భయంగా, ఆ తరువాత బిగ్గరగా, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. రాజు నవ్వాడు కాబట్టి పరివారమూ నవ్వింది.

“నన్ను లాగినప్పుడు కూడా ఇలాగే చెవి పట్టుకుని లాగి ఉంటావు!” అని తన చేతి కడియం తీసి ఆమె చేతికి తొడిగాడు. “పైడిని పంపేయండి. గూడు పూడ్చేయండి.”

పైడి పరిగెత్తుకొచ్చి పసిదాన్ని అందుకుని అక్కడే నేలమీద కూలబడి పాలిచ్చింది. గవరమ్మ చీరచెంగు అడ్డం పట్టింది.

ఆ షష్ఠినాడు కరకుకోటలో డప్పు మోగలేదు. మీసం లేని రాజు తడిపంచెతో గోడ ముందు నిలబడ్డాడు. దేశంలో ఆడవాళ్ళంతా వరుసకట్టారు. చాకలివాడల నుంచి, గొల్లపల్లెల నుంచి, అంగళ్ళ నుంచి వచ్చారు. చాలామంది తమ పేరు రాజు నోట వినడం అదే మొదలు. కొందరికి ఎవరి నోటనైనా వినడం అదే మొదలు. ఇప్పటికీ అక్కడ దేశ దినం అంటే అదే.

ఆరోజు సాయంకాలానికి వరుస అయిపోయింది. గోడ ఇంకా తడిగానే ఉంది.

“ఎవరైనా మిగిలారా?” అన్నాడు రాజు.

“మీ అమ్మగారు, దొరా,” అంది గవరమ్మ.

రాజు నోరు తెరిచాడు. రాజమాత, పెద్దరాణి, మహాదేవి, ఇవే తోస్తున్నాయి. పేరు తోచలేదు. కనుక్కురమ్మని దాసిని అంతఃపురానికి పంపాడు.

చాలాసేపటికి దాసి తిరిగి వచ్చింది.

“కాస్త ఆగమన్నారు ప్రభూ. గుర్తు చేసుకుంటున్నారు.”