కనబడని పచ్చబొట్టు

కొండ మీది గూడెంలో ఒక అవ్వ ఉండేది. పచ్చబొట్లు పొడవడం ఆవిడ పని. గూడెంలో ఆవిడ సూది ఎరగని చెయ్యి లేదు. సూదన్నాక గుర్తు మిగలాలి, మిగల్చనిది దొంగసూది అని అక్కడ అందరికీ గట్టి నమ్మకం. ఆ మాట నేర్పింది అవ్వే.

పిల్లలకు తట్టు రాకుండా సూది వేస్తానంటూ, కిందనుంచి ఒక సూదిపిల్ల మందుపెట్టె భుజాన వేసుకుని మూడుసార్లు కొండెక్కింది. గుర్తు మిగులుతుందా అని అడిగారు. మిగలదంది. తలుపులు మూసుకున్నారు. గూడేన్నీ తప్పుపట్టలేం. అంతకుముందు కిందనుంచి వచ్చినవాళ్లు పేర్లు రాసుకుపోయారే గాని, రెండోసారి మొహం చూపించింది లేదు.

సూదిపిల్ల నాలుగోసారీ వచ్చింది. వాగులో నడుందాకా తడిసింది గాని, నెత్తి మీది పెట్టెకు చుక్క తగలనివ్వలేదు. ఇంత మొండిఘటాన్ని అవ్వ ఎన్నడూ చూడలేదు. పక్క కొండ మీద అప్పటికే తట్టు దిగింది. అవ్వ ఒళ్లో రెండేళ్ల మనవరాలు ఉంది. దాని తల్లి పురిట్లోనే పోయింది. అవ్వకు మిగిలింది ఆ ఒక్క నలుసే.

"పొడిసే సెయ్యి ముందు పొడిపించుకోవాల. అది మా ఆచారం. నీ సెయ్యి సూపించు గుంటా," అంది అవ్వ.

సూదిపిల్ల జాకెట్టు చెయ్యి పైకి లాగింది. భుజం కింద గుండ్రటి పాత మచ్చ ఉంది. "పుట్టగానే వేశారవ్వా, క్షయ రాకుండా. దీనికి మచ్చ పడుతుంది. తట్టు సూదీ వేయించుకున్నాను, దానికి పడదు."

అవ్వ మచ్చను వేలితో తడిమింది. "ఎవులేసినారో గాని మొరటు సెయ్యి," అని మూతి విరిచింది. ఆ తరువాత మనవరాలిని ముందుకు జరిపింది.

"కదలకమ్మా, చీమ కుట్టినట్టే," అంది సూదిపిల్ల.

అవ్వే ఒప్పుకుందని గూడెమంతా పిల్లల్ని తెచ్చింది. నాలుగు రోజులయ్యాక చేతులు తిప్పి చూసుకున్నారు. ఎక్కడా గుర్తు లేదు. "మోసపోనాం!" అని అవ్వ మీదకొచ్చారు. అవ్వ మనవరాలి నుదురు పదేపదే ముట్టి చూసుకుంటూ రోజులు లెక్కపెట్టింది.

రెండు నెలలకు తట్టు ఈ కొండా ఎక్కింది. గుమ్మం గుమ్మంలోనూ తొంగిచూసింది. పిల్లల చేతులు చూసింది. ఏం చూసిందో ఏమో, ఒక్క గడపా దాటకుండా దిగిపోయింది.

"గుర్తు మనకి అగపడక్కర్లేదురా. దానికి అగపడితే సాలు," అంది అవ్వ.

సూదిపిల్ల మళ్లీ వచ్చినప్పుడు దండం పెట్టాలనిపించింది అవ్వకు. పెట్టలేదు. చాప వేసి కూర్చోబెట్టింది. గూడెం ఆడపిల్లలకు మాత్రమే పొడిచే మూడు చుక్కలు పొడవడానికి సూదులు తీసి, ఎవరూ చెప్పకుండానే ముందు వాటిని మరిగే నీళ్లలో వేసింది.

"కదలకమ్మా," అంది, "సీమ కుట్టినట్టే."