పంపు చెప్పని మాట

పని పూర్తయినా ఉస్తాద్ సరే అనడం లేదని కుసుమకు ఉక్రోషంగా ఉంది.

కర్నూలులో ఆమెకు పని నేర్పే ఉస్తాద్ మస్తాన్ వలీ గారి షెడ్డులో ఆసుపత్రి యంత్రాలు బాగుచేస్తారు. పసిపిల్లల వార్డు నుంచి, నరంలోకి మందు కొద్దికొద్దిగా ఎక్కించే పంపు ఒకటి వచ్చింది. లోపలి బోర్డు కాలిపోయింది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. వార్డువాళ్లు అలాంటిదే మంచి పంపు ఒకటి చూసుకోమని ఇచ్చారు. రేపు పొద్దున రెండూ తిరిగి వెళ్లాలి.

కుసుమ మంచి పంపుకి తీగలు తగిలించి, దాని బోర్డు పంపే, అందుకునే సంకేతాలన్నీ రికార్డు చేసి ఏఐ ఏజెంటుకి అప్పగించింది. అది ఒక్కో సంకేతం అర్థం విప్పి, కాలినదాని బదులు పెట్టే కొత్త బోర్డుకి ప్రోగ్రాము రాసింది. దాన్ని సరిచూసే నలభై పరీక్షలు కూడా తనే తయారుచేసుకుని, నలభైలోనూ పాసయింది. ప్రశ్నపత్రం మన చేతిలోనే ఉంటే మార్కులకేం లోటు.

“దీని భాష మొత్తం వచ్చేసింది ఉస్తాద్. ఇక పంపిద్దాం,” అంది కుసుమ.

ఆయన లేచి వచ్చి, కొత్త బోర్డు పెట్టిన పంపు ఆన్ చేయించారు. గొట్టం చివర చుక్కలు పడుతున్నాయి. గొట్టాన్ని రెండు వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకున్నారు.

చుక్కలు ఆగిపోయాయి. తెర మీద మాత్రం మందు ఎక్కుతున్నట్టే చూపిస్తోంది. ఐదు నిమిషాలు గడిచినా పంపు కిక్కురుమనలేదు. ఇదే వార్డులో అయితే బిడ్డకి మందు అందడం లేదని నర్సుకి తెలిసేది కాదు.

కుసుమ ముఖం పాలిపోయింది. “ఏజెంటు ఎక్కడో తప్పు చేసింది.”

“దాని తప్పేముంది తల్లీ. నువ్వు వినిపించిందే కదా అది నేర్చుకునింది.”

ఈసారి మంచి పంపు గొట్టం నొక్కారు. కాసేపటికి అది షెడ్డంతా వినపడేలా మోగింది.

“ఇది రికార్డు చేసినావా?”

“లేదు ఉస్తాద్. సరిగ్గా నడుస్తున్నప్పుడే చేశాను.”

“మీరిద్దరూ దీని సుఖం ఒక్కటే విన్నారు. కష్టం వినలేదు.”

కుసుమకు సిగ్గేసింది, భయమూ వేసింది. తర్వాత మంచి పంపుకి మళ్లీ తీగలు తగిలించి, కాగితం తీసుకుంది.

“ఇది ఇంకా ఎన్ని రకాలుగా చెడుతుంది ఉస్తాద్?”

మస్తాన్ వలీ గారు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

“రాసుకో. ఇప్పుడు నేర్పిస్తా.”