పావుగంటలో తేరిన నీళ్ళు

హేమలతకున్న చిక్కల్లా ఒక్కటే. నీళ్ళు తేరడానికి రెండు గంటలు పడుతోంది.

చీరాల దగ్గర పున్నమ్మకు నూలుకు రంగులద్దే షెడ్డు ఉంది. రంగునీళ్ళు కాలవలోకి వదలడం రెండు వారాల్లో ఆపకపోతే షెడ్డుకు తాళం వేస్తామని అధికారులు చెప్పి వెళ్ళారు. ఎనిమిది మంది ఆడవాళ్ళకు అదే బతుకుతెరువు. వాళ్ళ కోసమే హేమలత ఊక బూడిద ఉండలకు ఇనుము పట్టించి ఉత్ప్రేరకం తయారుచేసింది. రంగునీళ్ళలో ఆ ఉండలు వేసి, కాస్త యాసిడ్, పెరాక్సైడ్ పోస్తే రంగు విరిగిపోతుంది. ఉండలు మాత్రం కరగకుండా మిగలాలి, మళ్ళీ మళ్ళీ పనికి రావాలి.

ఆమెకు ఈ విద్య నేర్పింది ఖాదర్ వలీ మాస్టారు. రెండు గంటలైతే ఏమైంది, ఆగమన్నారాయన. ఆగడం మన హేమలత జాతకంలోనే లేదు. ఆయనకు చెప్పకుండా యాసిడ్ మూడింతలు పోసింది. వంకాయరంగు నీళ్ళు పావుగంటలో తేటపడ్డాయి. ఇక తాళం పడదని పున్నమ్మ మురిసిపోయింది. హేమలత వెంటనే మాస్టారిని పిలిపించింది.

మాస్టారు ఆ నీళ్ళు చూశారు. పున్నమ్మను అడిగి చిలపగా చుట్టిన తెల్ల నూలు కట్ట ఒకటి తీసుకున్నారు. ఆ నీళ్ళలో ముంచి, పిండి, దండెం మీద ఆరేశారు. తర్వాత తీరిగ్గా టీ తాగుతూ పున్నమ్మతో పిల్లల చదువుల గురించి కబుర్లలో పడ్డారు. హేమలతకు ఒళ్ళు మండింది.

ఎండకు చిలప తొందరగానే ఆరింది. తెల్ల నూలంతా తుప్పు మరకలతో పసుపుపచ్చగా మారింది.

హేమలత ముఖం పాలిపోయింది. వీళ్ళు రంగులో ఉప్పు ఎక్కువ వేస్తారనీ, అందుకే ఇలా అయిందనీ గొణిగింది. మాస్టారు నీళ్ళలోంచి ఒక ఉండను తీసి ఆమె అరచేతిలో పెట్టారు. పొద్దున ఇటుకరంగులో ఉన్న ఉండ ఇప్పుడు వట్టి బూడిదలా ఉంది. పట్టించిన ఇనుమంతా కరిగి నీళ్ళలోకి దిగిపోయింది.

పున్నమ్మకు ఇదేమీ అర్థం కాలేదు. పిల్ల ముఖం మాత్రం చూసింది.

"పోనీలేమ్మా, పొద్దుట్నించీ ఎండలో కష్టపడ్డావు. కాసిని మంచినీళ్ళు తాగు," అని గ్లాసు అందించింది.

హేమలతకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తప్పు చేసింది తను. తాళం పడితే పడేది ఈమె షెడ్డుకి.

"ఉప్పు వల్ల కాదు సార్. యాసిడ్ నేనే ఎక్కువ పోశాను."

మాస్టారు మరకలు పడ్డ చిలపను దండెం మీంచి తీసి, మడిచి, తన భుజాన వేసుకున్నారు.

"ఇంకా తొమ్మిది రోజులున్నాయి కదమ్మా. వాళ్ళ రంగు తీయడానికి వచ్చి మన రంగు అంటించి పోకూడదు."

హేమలత ఆ నీళ్ళ తొట్టి మీద మూత వేసి, గడియారం చేతినుంచి తీసి సంచిలో పెట్టుకుంది.