రాజు దాటేసిన మాట

అనగనగా యూదుల కొండసీమలో గుర్రాల పిచ్చి పట్టిన రాజొకడు ఉండేవాడు. గుర్రపుశాలలు కట్టడానికి ఇంటికొక మగవాణ్ణి వెట్టికి లాక్కుపోయాడు. దున్నే చేతులు లేక పొలాలు బీళ్లయ్యాయి.

ఆ దేశంలో ఏడేళ్లకొకసారి పెద్ద పండుగనాడు రాజు జనమందరి ఎదుట దేవుడిచ్చిన ధర్మశాస్త్రం చదవాలి. ఆ ఏడు రానే వచ్చింది. పాత గ్రంథం చివికిపోవడంతో, కొత్త ప్రతి రాసే పని ఏలోను అనే ముసలి లేఖకుడి మీద పడింది.

రాజు అతణ్ణి పిలిపించాడు. "రాజు గుర్రాలను పోగుచేసుకోరాదనీ, తోటివారికన్నా తాను ఎక్కువని తలచరాదనీ అందులో ఉందట. ఆ మాట వదిలేసి రాయి. నీకో ద్రాక్షతోట ఇస్తాను."

"ఒక్క అక్షరం వదిలినా అది ధర్మశాస్త్రం కాదు ప్రభూ," అన్నాడు ఏలోను.

మర్నాడు రాజు, అంతదాకా వెట్టికి పట్టని ఏలోను కొడుకును రాళ్లు మోయడానికి పంపి, సాయంత్రం మళ్లీ అడిగాడు. కొడుకు భుజాల మీది పుళ్లు చూసి ఏలోను గుండె చెరువైంది. అయినా, "వదలను ప్రభూ," అన్నాడు.

మూడోనాడు రాజు అతణ్ణి చెరలో వేయించి, మరొకడి చేత ఆ మాట లేకుండా రాయించాడు.

పండుగ వచ్చింది. ఎదురాడితే ఏమవుతుందో అందరూ చూడాలని ఏలోనును సంకెళ్లతో తెచ్చి ముందు నిలబెట్టారు. రాజు చదువుతూ చదువుతూ ఆ చోటికి వచ్చి, దాటిపోయాడు.

ఏలోను ఒక అడుగు ముందుకు వేశాడు. వదిలేసిన మాటను పైకి చెప్పాడు. భటుడు అతని నోటి మీద కొట్టాడు.

అప్పుడు వెనక నుంచి ఒక నేతగత్తె లేచి అదే మాట చెప్పింది. ఆమె పక్కనున్న కాపరి అందుకున్నాడు. చూస్తుండగానే మైదానమంతా ఒకే గొంతై పలికింది. తాతముత్తాతల నుంచి విన్న మాట అది, ఎవరికి రాదు?

"వాళ్ల నోళ్లు మూయించండి," అన్నాడు రాజు.

భటులు కదల్లేదు. "మా అమ్మ కూడా మాకిదే నేర్పింది ప్రభూ," అన్నాడు సేనాని తలవంచి.

తన మాట వినేవాడు ఒక్కడూ లేడని రాజుకు తెలిసింది. గ్రంథం పక్కన పెట్టి, అందులో లేని ఆ మాటను తానే చెప్పాడు. వెట్టివాళ్లనూ ఏలోనునూ విడిచిపెట్టమని అక్కడే ఆజ్ఞ ఇచ్చాడు.

పొద్దు వాలకముందే కొడుకు వచ్చి, తండ్రి సంకెళ్లు తీయించి, చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయాడు.

రాజైనా ధర్మానికి లోబడి ఉండవలసిందే. జనం గుండెల్లో రాసుకున్న న్యాయాన్ని ఏ అధికారమూ చెరపలేదు.