మాట్లాడే డిస్కు

చూపులేనివాళ్ల బడికి కొత్త కంప్యూటర్ వచ్చింది. అందులో ఏమీ లేదు. ఆన్ చేస్తే, డిస్కు పెట్టమని తెల్లటి అక్షరాల్లో ఒక ముక్క కనిపించి ఊరుకునేది.

కంప్యూటర్‌ను నడిపించడానికి లినక్స్ ఎక్కిద్దామన్నారు యేసురత్నం మాస్టారు. ఆ కంప్యూటర్ మీద పాఠాలు చెప్పాల్సింది ఆయనే. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. డిస్కు తయారుచేసే పని లైబ్రరీ చూసే హైమావతి తీసుకుంది. ఆ బడిలో కళ్లున్న కొద్దిమందిలో ఆమె ఒకతె.

లినక్స్ ఒకటి కాదనీ, వందల రకాలున్నాయనీ ఆమెకు అప్పుడే తెలిసింది. పాత కంప్యూటర్‌లో రెండు డౌన్‌లోడ్ చేసి, డీవీడీల మీద రాసి చూసింది. మొదటిది తెర నిండా అందమైన కొండలు చూపించింది. రెండోది పెద్దగా ప్రశ్నలేమీ వేయకుండా పావుగంటలో పని కానిచ్చేస్తానంది. ఆమెకు రెండోది నచ్చింది.

"మాట్లాడుతుందా?" అని అడిగారు మాస్టారు.

"ఎక్కించాక మాట్లాడుతుందట."

"ఎక్కించేదాకా?"

"నేనున్నాగా మాస్టారూ."

"మీరున్నారు. అందుకే అడుగుతున్నాను," అన్నారు.

హైమావతి మనసు చివుక్కుమంది. ఇంత కష్టపడితే ఈయనకు ఆనలేదనుకుంది. ఆయన క్లాసుకు వెళ్లాక, ఏం తోచిందో, మానిటర్ తీగ పీకేసి రెండో డిస్కు మళ్లీ పెట్టింది. డిస్కు గిర్రున తిరిగింది, ఆగింది. అది ఏమైనా అడుగుతోందో, తన కోసం ఆగిందో, అసలు పనిచేయడమే మానేసిందో తెలియలేదు. చేతులు మీటల మీద పెట్టుకుని గంట కొట్టేదాకా అలాగే కూర్చుంది.

మర్నాడు మళ్లీ వెతకడం మొదలుపెట్టింది. మూడో రోజుకు ఒకటి దొరికింది. దాని పేజీలో బొమ్మలేమీ లేవు. ఆన్ చేయగానే చిన్న కూత వస్తుంది. ఎస్ నొక్కి ఎంటర్ కొడితే, మొదటి ప్రశ్న నుంచీ అదే చదివి వినిపిస్తుందని రాసి ఉంది. ఫైలు సరిగ్గా దిగిందో లేదో సరిచూసుకోవడానికి పక్కనే అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి వరుస ఒకటి ఇచ్చారు.

ఆ వరుసను ఆమె చదువుతుంటే మాస్టారు బ్రెయిలీలో పొడుచుకున్నారు. తర్వాత, దిగిన ఫైలుకు కంప్యూటర్ చూపించిన వరుస చదివింది. ఆయన వేలు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

"కలవలేదండీ."

"అయినా పనిచేస్తుందేమో. డిస్కు రాసి చూద్దామా?"

"వద్దు. సగంలో ఆగితే ఎందుకు ఆగిందో నాకు తెలియదు. మళ్లీ డౌన్‌లోడ్ చేయండి."

నెట్ నెమ్మదిగా ఉండడంతో ఆ రోజంతా పట్టింది. ఈసారి ఆయన వేలు చివరిదాకా ఆగకుండా వెళ్లింది. హైమావతి డీవీడీ రాసి, తుడిచి, ఆయన చేతికిచ్చింది.

శనివారం పొద్దున్నే మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మానిటర్ తగిలించాలని ఇద్దరికీ తోచలేదు. కూత వినిపించింది. ఆయన ఎస్ నొక్కి ఎంటర్ కొట్టారు. బొంగురు గొంతు ఒకటి ఇంగ్లీషులో మాట్లాడసాగింది. ఏ భాష, ఏ దేశం, కంప్యూటర్ లోపలి డిస్కంతా చెరిపేయమంటారా అని ఒక్కొక్కటే అడిగింది. మాస్టారు తొందరపడకుండా జవాబులు నొక్కుతూ వచ్చారు. ఒకచోట తప్పు నొక్కి, వెనక్కి వెళ్లి, ఆయనే దిద్దుకున్నారు. హైమావతి పక్కన నిలబడి ఉంది. ఆమెకు చేయడానికేమీ లేదు.

చివరికి ఆ గొంతు పాస్‌వర్డ్ ఒకటి పెట్టుకోమంది.

మాస్టారు చేతులు ఆగాయి. ఇరవై ఏళ్లుగా ఆయనకొచ్చే ప్రతి ఉత్తరం చదివిపెట్టింది హైమావతే. బ్యాంకు కాగితాలు, డాక్టరు చీటీలు కూడా.

"హైమావతి గారూ, కాస్త అటు తిరగండి."

ఆమె గోడవైపు తిరిగింది. వెనక మీటల చప్పుడు మొదలైంది. ఎన్నిసార్లు నొక్కారో కూడా తనకు తెలియకూడదని ఆమె చెవులు మూసుకుంది.