చొక్కా మడత

తుల్లియోకి వారం నుంచి తిండి సహించడం లేదు. కన్ను మూస్తే ఉలిక్కిపడి లేస్తున్నాడు.

రోమ్ నగరంలో సినిమా సంగీతం తెలిసినవాళ్లందరికీ అతని పేరు తెలుసు. తెరమీద గుర్రం ఎంతసేపు పరిగెడితే అంతసేపటికే బాణీ కట్టి, చేతిలో స్టాప్‌వాచీ పెట్టుకుని వాద్యబృందాన్ని నడిపించేవాడు. వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. ఆ ధీమాతోనే మొదటిసారి ఓ నాటకానికి సంగీతం చేస్తానని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఇరుక్కుపోయాడు.

ఆ నాటకంలో ఒక తల్లి, యుద్ధంలో పోయిన కొడుకు చొక్కాని మడతపెట్టి పెట్టెలో దాస్తుంది. మాటలుండవు, సంగీతం ఒక్కటే. తల్లి వేషం ఒందీనాది. ఆవిడ ఒకరోజు చొక్కా గబగబా మడిచేస్తుంది. మర్నాడు కాలరు దగ్గరే ఆగిపోతుంది. తుల్లియో బాణీ అయిపోయేసరికి చొక్కా ఇంకా ఆవిడ ఒళ్లోనే ఉంటుంది. లేదంటే, చొక్కా పెట్టెలోకి వెళ్లిపోయాక కూడా ఫిడేళ్లు ఏడుస్తూనే ఉంటాయి.

"రోజూ ఒక్కలాగే మడవండి, సిన్యోరా," అని బతిమాలాడు.

"నేనేమీ ఇస్త్రీ దుకాణం పెట్టలేదు నాయనా," అంది ఆవిడ.

నాటకం వేయిస్తున్న పెద్దమనిషి ఇదంతా చూసి మెత్తగానే చెప్పాడు. "రేపే మొదటి ఆట. అప్పటికీ కుదరకపోతే ఇంకొకరి చేత చేయించుకుంటాను. ఏమీ అనుకోకు." ఆ సంగతి ఊళ్లో పొక్కితే ఇక సినిమాలవాళ్లు కూడా పిలవరని తుల్లియోకి భయం పట్టుకుంది.

పరిగెత్తుకెళ్లి గురువు ఎర్కోలే కాళ్ల మీద పడినంత పని చేశాడు. ముసలాయన సగం జీవితం నాటకాలకీ, సగం సినిమాలకీ ఇచ్చినవాడు. మాట బహు పొదుపు. అంతా విని, కోటు వేసుకుని, థియేటరుకి వచ్చాడు.

ఖాళీ వేదిక మీద చొక్కా పడి ఉంది. పక్కన పెట్టె. గురువు వెళ్లి పియానో ముందు కూర్చుని, "ఆ చొక్కా మడతపెట్టు," అన్నాడు.

"నేనా?"

"నువ్వే."

గురువు అతని బాణీనే రాసింది రాసినట్టు వాయించాడు. తుల్లియో చేతులు కంగారుపడ్డాయి. ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టే ఉంది. బాణీ అయిపోయేసరికి చొక్కా ఉండచుట్టుకుపోయింది. తను కట్టిన బాణీయే తనని ఇలా పరుగులు పెట్టిస్తే అతనికి సిగ్గేసింది.

"మళ్లీ," అన్నాడు గురువు.

ఈసారి ఆయన కళ్లు పియానో మీద లేవు, శిష్యుడి చేతుల మీద ఉన్నాయి. బట్ట జారితే ఆయన వేలు ఆ స్వరం మీదే ఆగింది. ముడత దులిపితే ముందుకి కదిలింది. కాలరు దగ్గరికొచ్చేసరికి తుల్లియో చేతులు వాటంతటవే నెమ్మదించాయి. చొక్కా పెట్టెలో పెట్టి తలెత్తేసరికి గురువు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బాణీ ఎప్పుడు అయిపోయిందో తుల్లియోకి తెలియలేదు.

గురువు లేచి, కోటు సర్దుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు హాలు కిక్కిరిసింది. వేదిక ముందు పల్లంలో కూర్చున్న బృందానికి తుల్లియో ఒక్కటే చెప్పాడు, కాగితం కాదు, తన చెయ్యి చూడమని.

ఒందీనా చొక్కా సగం మడిచింది. అంతలో మడత విప్పేసింది. పిల్లాణ్ణి బడికి తయారుచేస్తున్నట్టు, కింది నుంచి ఒక్కొక్క బొత్తామే పెట్టడం మొదలెట్టింది. రిహార్సల్లో ఎన్నడూ అలా చెయ్యలేదు.

తుల్లియో చెయ్యి పైకెత్తాడు. ఫిడేళ్లు ఆగిపోయాయి. వాయించేవాళ్లంతా అతని మొహంలోకే చూస్తున్నారు. చెయ్యి దించేస్తే సంగీతం సాగిపోతుంది, ఈ గండం గట్టెక్కుతుంది. అతను దించలేదు. ఆవిడ వేళ్లనే చూస్తూ నిలబడ్డాడు.

మెడ దగ్గర ఆఖరి బొత్తాం పెట్టింది. అప్పుడు దించాడు.

ఆట అయ్యాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాటకం వేయించిన పెద్దమనిషి వచ్చి గట్టిగా కావిలించుకున్నాడు. అయినా తుల్లియో మొహంలో నెత్తురుచుక్క లేదు. జనాన్ని తప్పించుకుని, వెనక వరసలో కూర్చుని ఆట చూసిన గురువు దగ్గరికి చేరాడు.

"మాస్ట్రో, రేపు ఆవిడ ఏం చేస్తుందో?"

"ఆవిడకే తెలీదు."

"నా చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది."

"వణకనీ," అన్నాడు గురువు. "దించకు."