కోట బావిలో తాడు

అనగా అనగా, ఓడలు ఆగే ఒక రేవు రాజ్యం. ఆ రాజ్యంలో తాళ్లు పేనుకుని బతికేవాళ్ల వాడ ఒకటి ఉండేది.

ఒక ఏడు ఓడల మీద దీవుల తాళ్లు దిగాయి. నున్నగా ఉన్నాయి, సగం ధరకే దొరికాయి. జనం ఎగబడి కొన్నారు. వాడలో సగం ఇళ్లలో పొయ్యిలో పిల్లి లేవలేదు.

"ఓడ తాళ్ల మీద సుంకం పెంచమని రాజుగారి కాళ్లు పట్టుకుందాం," అన్నాడు వాడ పెద్ద చెన్నప్ప. అందరూ సరేనన్నారు. అతని అల్లుడు పోలయ్య మాత్రం వెనక్కి తగ్గాడు.

ఎందుకంటే ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పరాయి సరుకు మీద సుంకం అడిగేవాళ్లు ముందు తమ సరుకుకు తమ ప్రాణం అప్పగించాలి. పడవలవాళ్లు తమ పడవలో సుడిగుండం దాటాలి. తాళ్లవాళ్లు తమ తాడు కట్టుకుని కోట బావిలో దిగాలి. సుంకం పడ్డాక ఊరంతా వాళ్ల సరుకే కొనాలి కదా మరి! సరుకు చెడ్డదని తేలిందా, వాడ వాడంతా దేశం విడిచి పోవాలి.

చెన్నప్ప ఏరి ఏరి అల్లుడు పేనిన తాడే భుజాన వేసుకున్నాడు.

"అది వద్దు మామా, ఇంకోటి తీసుకో," అన్నాడు పోలయ్య.

"మన వాడలో నీ చేతిని మించిన చెయ్యి లేదల్లుడూ," అని ముసలాయన మురిసిపోయాడు.

కోట బావి తాటిచెట్టంత లోతు. అడుగున నీళ్లకంటే రాళ్లే ఎక్కువ. పరీక్ష చూడటానికి రాజు, మంత్రి బావి గట్టుకు వచ్చారు.

మొదట తాడుకు నీళ్ల కడవ కట్టి దించారు. తాడు చెక్కుచెదరలేదు. రెండోసారి ఇసుక మూట దించారు. అదీ క్షేమంగా పైకొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో టప్పుమని ఒక చిన్న చప్పుడు. పేనినవాడికి తప్ప ఇంకెవరికీ వినపడలేదు. మూడు పేటల తాడులో ఒక పేట లోపలే తెగింది.

పోలయ్యకు ముచ్చెమటలు పోశాయి. ఓడ తాడు ధరకే అమ్మాలని, లోపల మురిగిన నార పెట్టి పైన కొత్త నార చుట్టింది అతనే. చెబితే వాడ పోతుంది. చెప్పకుండా ఊరుకుంటే, మిగిలిన రెండు పేటలూ ఆగాయా, అందరూ బతికిపోతారు. ఆగకపోతే పిల్లనిచ్చిన మామ రాళ్ల మీద పడతాడు.

మూడోసారి చెన్నప్ప నడుముకు తాడు బిగించుకున్నాడు. "ఏనుగును కట్టినా తెగదు దేవరా!" అంటూ ఒక కాలు బావిలోకి పెట్టాడు.

"మామా, దిగొద్దు!" పోలయ్య ఒక్క ఉరుకున వెళ్లి ముసలాయన్ను వాటేసుకున్నాడు. "ప్రభూ, ఈ తాడు లోపల మురిగింది. తప్పు నాది. నన్నేమైనా చెయ్యండి, వాడవాళ్లను వదిలెయ్యండి."

భటుడు తాడును కోశాడు. లోపలి నార పొడిపొడిగా రాలింది. చెన్నప్ప ఆ పొడిని చేతిలోకి తీసుకుని చూశాడు, ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదని పోలయ్య కుళ్లి కుళ్లి ఏడ్చాడు.

"ఆచారం ప్రకారం వీళ్లను వెళ్లగొట్టాలి ప్రభూ," అన్నాడు మంత్రి.

రాజు రాలిన పొడిని చూసి పోలయ్య వైపు తిరిగాడు.

"కుళ్లు దాచేవాడికి సుంకం ఇస్తే ఊరు మునుగుతుంది. ఒప్పుకున్నవాడు దిద్దుకుంటాడు," అన్నాడు. "ఓడ తాళ్ల మీద మూడేళ్లు సుంకం పెంచుతున్నాం. ఆ తర్వాత తీసేస్తాం. గడువు తీరిన రోజు నీ తాడు కట్టుకుని ఈ బావిలో దిగేది నువ్వే!"

ఆ మూడేళ్లూ పోలయ్యకు బావే కలలోకి వచ్చేది. మురిగిన పోగు ఒక్కటి చేతికి తగిలినా ఉలిక్కిపడి పారేసేవాడు. అతన్ని చూసి వాడంతా అలాగే పేనింది.

గడువు తీరిన రోజు అతను తన తాడు నడుముకు కట్టుకుని దిగాడు. పైన తాడు పట్టుకున్నది చెన్నప్ప.

"భయంగా ఉందా అల్లుడూ?"

"ఉంది మామా. వదలకు."

కాసేపటికి పోలయ్య పైకొచ్చి, చెంబుడు నీళ్లు మామ చేతిలో పెట్టాడు.

మర్నాడు సుంకం తీసేశారు. రేవులో మళ్లీ ఓడ తాళ్లు దిగాయి. చవకని కొన్నవాళ్లు కొన్నారు. ప్రాణం తాడు మీద ఆధారపడే పనికి మాత్రం జనం పోలయ్య వాడకే వచ్చారు.

కాబట్టి పిల్లలూ, సుంకం గడువు మాత్రమే ఇస్తుంది. నిలబెట్టేది సరుకులోని నిజాయితీయే.